రాష్ట్రం ఇచ్చే డౌన్ పేమెంట్ సాయం: ఇల్లు కొనబోయే మనవాళ్ళకి నాలుగు మాటలు

(నార్త్ కరోలినాలో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక హౌసింగ్ కౌన్సెలర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం పూట పిల్లల్ని వెంటేసుకుని ఇంతమంది వచ్చారు. అందుకే ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వస్తాను.

హడ్, అంటే ఫెడరల్ గృహనిర్మాణ శాఖ, గుర్తింపు ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థలో నేను హౌసింగ్ కౌన్సెలర్‌ని. ఇళ్ళు అమ్మను, లోన్లు ఇవ్వను, ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోను. ఇల్లు కొనాలనుకునేవాళ్ళతో కూర్చుని, వాళ్ళ జీతం, అప్పులు, క్రెడిట్ చూసి, ఏ దారి నప్పుతుందో చెప్పడం నా పని. ఈ పనిలో మన తెలుగువాళ్ళు రెండు రకాలుగా నష్టపోవడం చూస్తున్నాను. కొందరు, రాష్ట్రం ఇచ్చే సాయం మనకెందుకులే అని అసలు అడగనే అడగరు. ఇంకొందరు పదిహేను వేల డాలర్లు ఊరికే వస్తున్నాయని ఎవరో చెప్తే విని, ఏ కాగితం మీద పెడుతున్నారో చూడకుండా సంతకం పెట్టేస్తారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. అర్హత ఉంటే మొహమాటపడకుండా అడగండి. తీసుకునే ముందు మాత్రం, ఆ ఇంట్లో ఎన్నేళ్ళు ఉంటామో ఇంట్లో అందరూ కూర్చుని నిజాయితీగా లెక్క వేసుకోండి.

ముందు అడగనివాళ్ళ సంగతి చూద్దాం. మన తెలుగువాళ్ళంటే అందరూ సాఫ్ట్‌వేరే అని బయటివాళ్ళు అనుకుంటారు. మనమూ అలాగే మాట్లాడుకుంటాం. ఒక్కసారి ఈ హాల్లో చూడండి. గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ చేసే అన్నయ్యలున్నారు. డే కేర్‌లో అసిస్టెంట్ టీచర్లున్నారు. హోటల్ ఫ్రంట్ డెస్క్‌లో, ఫార్మసీ కౌంటర్లో, మన రెస్టారెంట్ల కిచెన్లలో పనిచేసేవాళ్ళున్నారు. అన్నో అక్కో పిటిషన్ వేస్తే పదిహేనేళ్ళు ఎదురుచూసి, నలభై దాటాక గ్రీన్ కార్డుతో వచ్చి, ఇక్కడ మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెట్టిన కుటుంబాలున్నాయి. ఈ పథకాలు పెట్టింది సరిగ్గా మీలాంటివాళ్ళ కోసమే. అంతెందుకు, ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇంజనీరుకి కూడా కొన్నింట్లో అర్హత ఉంటుంది. మన రాష్ట్రం ప్రధాన పథకంలో ఆదాయ పరిమితి లక్ష డాలర్ల పైనే ఉంది. చాలామంది ఈ మాట వినగానే ఆశ్చర్యపోతారు. పేదవాళ్ళకి మాత్రమే అనుకుని వెబ్‌సైట్ తెరిచి కూడా చూసి ఉండరు.

ఒక పెద్దాయన నాతో, "గవర్నమెంటు డబ్బు తీసుకుంటే నలుగురిలో చిన్నతనం కదమ్మా" అన్నారు. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే ఆ మాట అనరు. నార్త్ కరోలినా హౌసింగ్ ఫైనాన్స్ ఏజెన్సీని రాష్ట్ర శాసనసభ 1973లో ఏర్పాటు చేసింది. ఇలాంటి సంస్థ ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. ఈ ఏజెన్సీలు బాండ్లు అమ్ముతాయి. ఆ బాండ్ల మీద వచ్చే వడ్డీకి ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు కాబట్టి, కొనేవాళ్ళు తక్కువ వడ్డీకి ఒప్పుకుంటారు. ఆ డబ్బు ఇళ్ళ లోన్లకి వెళ్తుంది. మీరు నెలనెలా కట్టే కిస్తీల్లోంచే బాండ్లవాళ్ళకి తిరిగి వెళ్తుంది. అంటే మీరు చేయి చాపడం లేదు, ఒక ఏర్పాటులో భాగస్వాములవుతున్నారు. పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళు ఏటా ట్యాక్సుల్లో హోమ్ లోన్ వడ్డీ మినహాయింపు తీసుకుంటున్నారు. దాన్ని ఎవరూ చిన్నతనం అనరు. మీరూ అనుకోకండి.

ఇప్పుడు పథకం ఎలా పనిచేస్తుందో చెప్తాను. ఏజెన్సీ మీకు నేరుగా లోన్ ఇవ్వదు. దానితో ఒప్పందం ఉన్న బ్యాంకులు, మార్ట్‌గేజ్ కంపెనీలు ఇస్తాయి. మన రాష్ట్రంలో రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. ఎన్‌సీ హోమ్ అడ్వాంటేజ్ మార్ట్‌గేజ్‌లో లోన్ మొత్తంలో 3 శాతం దాకా డౌన్ పేమెంట్ సాయం వస్తుంది. ఇంతకు ముందు ఇల్లు ఉన్నవాళ్ళు కూడా దీనికి వెళ్ళొచ్చు. రెండోది ఎన్‌సీ ఫస్ట్ హోమ్ అడ్వాంటేజ్. మొదటిసారి కొనేవాళ్ళకి, మిలిటరీ వెటరన్లకి 15,000 డాలర్లు ఇస్తుంది. దీనికి కౌంటీని బట్టి ఆదాయ పరిమితి, ఇంటి ధర పరిమితి ఉంటాయి. రెండింటికీ క్రెడిట్ స్కోరు కనీసం 640 ఉండాలి, కొన్న ఇంట్లో మీరే కాపురం ఉండాలి. అంకెలు అప్పుడప్పుడూ మారుస్తుంటారు కాబట్టి అప్లై చేసే వారం ఏజెన్సీ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

మొదటిసారి కొనేవాళ్ళు అంటే జీవితంలో ఎప్పుడూ ఇల్లు కొననివాళ్ళని మాత్రమే కాదు. గత మూడేళ్ళలో సొంత ఇంట్లో నివాసం ఉండకపోతే చాలు. ఏడేళ్ళ కిందట ఒహాయోలో ఇల్లు అమ్మేసి, ఇక్కడికొచ్చి అద్దెకుంటున్నవాళ్ళు కూడా మొదటిసారి కొనేవాళ్ళ కిందికే వస్తారు.

ఇక ఆ 15,000 డాలర్ల సంగతి. ఇక్కడ కాస్త నిదానంగా వినండి. అది లోన్. రెండో లోన్. మీ ఇంటి మీద మొదటి లోన్‌తోపాటు రెండో డీడ్ ఆఫ్ ట్రస్ట్, అంటే ఇంటిని తాకట్టు పెట్టే పత్రం, కూడా రిజిస్టర్ అవుతుంది. దానికి వడ్డీ సున్నా, నెల కిస్తీ లేదు. పదేళ్ళ దాకా ఒక్క డాలరు కూడా తగ్గదు. పదకొండో ఏడు చివర 20 శాతం మాఫీ అవుతుంది. అక్కణ్ణుంచి ఏటా 20 శాతం చొప్పున, పదిహేనో ఏడు చివరికి పూర్తిగా పోతుంది. ఆలోగా ఇల్లు అమ్మినా, రీఫైనాన్స్ చేసినా (అంటే కొత్త లోన్ తీసుకుని పాతది తీర్చినా), వేరేవాళ్ళ పేరుకి మార్చినా, అప్పటికి మాఫీ కాకుండా మిగిలింది కట్టాలి. ఆరో ఏడు అమ్మితే మొత్తం 15,000 కట్టాలి. పదమూడో ఏడు మధ్యలో అమ్మితే రెండు విడతలు మాఫీ అయి ఉంటాయి, 9,000 కట్టాలి.

ఒక జంట నా దగ్గరికి వచ్చారు. ఇల్లు కొని నాలుగేళ్ళయింది, ఆయనకి డాలస్‌లో ఉద్యోగం వచ్చింది. ఇల్లు అమ్ముతున్నారు. అమ్మగా మిగిలే డబ్బుతో టెక్సాస్‌లో డౌన్ పేమెంట్ కట్టాలని అనుకున్నారు. లాయర్ ఆఫీసు పంపిన లెక్కలో 15,000 తగ్గి కనిపించింది. "అక్కా, అది గ్రాంట్ కదా" అన్నారాయన. క్లోజింగ్ రోజు, అంటే కొనుగోలు పూర్తయ్యే సంతకాల రోజు, ఇచ్చిన ఫోల్డర్ తెచ్చారు. ఇద్దరం కలిసి ఒక్కో కాగితం తిప్పాం. అడుగున, రెండో డీడ్ ఆఫ్ ట్రస్ట్ మీద, సంతకం ఇక్కడ పెట్టండి అని లాయర్ ఆఫీసు వాళ్ళు అంటించిన పసుపు స్టిక్కర్ ఇంకా అలాగే ఉంది. దాని పైనే, అమ్మినా రీఫైనాన్స్ చేసినా బాకీ కట్టాలన్న పేరా ఉంది. ఆవిడ ఆ పేరా చదివి, సంతకం కింద ఉన్న తేదీ చూసి, ఫోల్డర్ మూసేసింది. వాళ్ళని ఎవరూ మోసం చేయలేదు. క్లోజింగ్ గదిలో అరగంటలో వంద పేజీలు చేతికిస్తే ఎవరు మాత్రం చదువుతారు? అందుకే ఈ కాగితం నమూనా క్లోజింగ్‌కి కనీసం వారం ముందే లోన్ ఆఫీసర్‌ని అడిగి తెప్పించుకోండి. ఏడెనిమిది పేజీలున్నా సరే, ఎప్పుడు కట్టాలి, ఎంత కట్టాలి, ఎప్పుడు మాఫీ అవుతుంది అనే మూడు విషయాలు వెతికి కింద గీత గీసుకోండి. అర్థం కాకపోతే నా దగ్గరికి తీసుకురండి.

ఒక లెక్క వేద్దాం. టౌన్‌హౌస్ ధర 3,00,000 డాలర్లు అనుకోండి. కన్వెన్షనల్ లోన్‌లో (ప్రభుత్వ ఇన్సూరెన్స్ లేని మామూలు లోన్) 3 శాతం డౌన్ పేమెంట్ అంటే 9,000. క్లోజింగ్ ఖర్చులు, ముందుగా కట్టే ట్యాక్సూ ఇన్సూరెన్సూ కలిపి 8,000 అనుకుందాం. మొత్తం 17,000. రాష్ట్రం సాయం 15,000 వస్తే మీ చేతినుంచి పడేది 2,000. ఇంటి కోసం దాచుకుంటూ దాచుకుంటూ, అద్దె ఏటా పెరుగుతుంటే వెనకబడిపోయే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. సాయంతో వచ్చే మొదటి లోన్ వడ్డీ, బయట మార్కెట్లో దొరికేదాని కన్నా కొంచెం ఎక్కువ ఉండొచ్చు. ఎప్పుడూ ఉంటుందని కాదు, అడిగి తెలుసుకోవాలి. అర శాతం తేడా అనుకుందాం. 2,91,000 లోన్ మీద, ముప్ఫై ఏళ్ళకి, 6.5 శాతమైతే అసలూ వడ్డీ కలిపి నెలకి దాదాపు 1,839. ఏడు శాతమైతే 1,936. తేడా నెలకి సుమారు 97 డాలర్లు. ఆరేళ్ళుండి అమ్మేస్తే, ఆ తేడా ఒక్కటే ఏడు వేల డాలర్ల దాకా ఎక్కువ కట్టి ఉంటారు, పైగా 15,000 వెనక్కి ఇచ్చేస్తారు. అదే పదిహేనేళ్ళు అక్కడే ఉంటే 15,000 మీదే అవుతుంది, ఈలోగా ఇంట్లో మీ సొంత వాటా పెరుగుతుంది. వడ్డీ రేట్లు తగ్గితే అందరూ పరుగెత్తి రీఫైనాన్స్ చేసుకుంటారు. మీరు చేసుకోవాలంటే ముందు ఈ రెండో లోన్ తీర్చాలి. ఈ సంగతి కూడా లెక్కలో పెట్టుకోండి. ఇది చెడ్డ బేరం అని నేను అనడం లేదు. వడ్డీ లేని పదిహేను వేలు ఇంకెక్కడ దొరుకుతుంది? స్థిరంగా ఉండబోయే కుటుంబానికి ఇది చాలా మంచి బేరం. రెండేళ్ళకోసారి ప్రాజెక్టు మారి, ఊళ్ళు మారేవాళ్ళకి కాదు.

మనవాళ్ళకి ఇంకో అలవాటుంది. మొదటి ఇల్లు అద్దెకిచ్చి రెండోది కొనుక్కోవడం. తెలివైన పనే, కానీ ఈ లోన్‌తో కుదరదు. ఆ ఇంట్లో మీరే ఉంటామని సంతకం పెడుతున్నారు. అద్దెకివ్వాలనే ఆలోచన ముందే ఉంటే దయచేసి ఈ దారిలోకి రాకండి.

బాండ్ల డబ్బుతో ఇచ్చే లోన్లకి ఇంకో షరతు ఉంది. రీక్యాప్చర్ ట్యాక్స్ అంటారు. తొమ్మిదేళ్ళలోపు ఇల్లు అమ్మి, లాభం వచ్చి, ఈలోగా మీ ఆదాయం కూడా నిర్ణీత పరిమితి దాటి పెరిగి ఉంటే, ఈ మూడూ కలిస్తేనే, ఫెడరల్ ట్యాక్స్ శాఖ ఐఆర్ఎస్‌కి కొంత కట్టాల్సి రావచ్చు. ఎంతైనా లాభంలో సగానికి మించదు. చాలామందికి ఇది తగలదు. క్లోజింగ్‌లో ఇచ్చే ఆ నోటీసు మాత్రం పారేయకండి, అమ్మిన ఏడాది ఫారం 8828 నింపేటప్పుడు కావాలి.

రాష్ట్రాన్ని బట్టి ఈ షరతులు ఎంత మారిపోతాయో రెండు ఉదాహరణలు చెప్తాను. మీ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ వేరే రాష్ట్రాల్లో ఉంటారు కదా. పెన్సిల్వేనియాలో కె-ఫిట్ అనే పథకంలో ఏటా 10 శాతం చొప్పున పదేళ్ళలో మాఫీ అవుతుంది. మనలాగా పదేళ్ళు ఆగక్కర్లేదు. కాలిఫోర్నియాలో డ్రీమ్ ఫర్ ఆల్ పథకం ఇంటి ధరలో 20 శాతం దాకా ఇస్తుంది, కానీ ఇల్లు అమ్మేటప్పుడు అసలుతోపాటు పెరిగిన విలువలో వాటా కూడా తీసుకుంటుంది. 2023లో అది మొదలుపెట్టినప్పుడు దాదాపు 300 మిలియన్ డాలర్లు పదకొండు రోజుల్లో అయిపోయాయి. ఆ తర్వాత లాటరీ పెట్టారు. అందుకే "మా బావమరిది అక్కడ తీసుకున్నాడు, అతనికి కట్టక్కర్లేదట" అనే మాట పట్టుకుని ఇక్కడ సంతకం పెట్టకండి.

ఇప్పుడు మన రాష్ట్రానికే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటి చెప్తాను. డ్యూ డిలిజెన్స్ ఫీజు. నా దృష్టిలో మనవాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

నార్త్ కరోలినాలో ఆఫర్ ఒప్పుకోగానే కొనేవాళ్ళు అమ్మేవాళ్ళకి నేరుగా ఒక చెక్కు ఇవ్వాలి. ఇల్లు తనిఖీ చేయించుకోవడానికి, లోన్ తెచ్చుకోవడానికి గడువు ఇచ్చినందుకు ఆ ఫీజు. మీరు మనసు మార్చుకున్నా, లోన్ రాకపోయినా, అప్రైజల్ (ఇంటి విలువ అంచనా) తక్కువొచ్చినా అది తిరిగిరాదు. అమ్మేవాళ్ళు ఒప్పందం తప్పితే తప్ప. దీనికి తోడు ఎర్నెస్ట్ మనీ (బయానా) అని ఇంకో మొత్తం ఉంటుంది. అది ఎస్క్రోలో, అంటే మూడోవాళ్ళ దగ్గర భద్రంగా, ఉంటుంది, డ్యూ డిలిజెన్స్ గడువులోపు తప్పుకుంటే వెనక్కి వస్తుంది. 2021, 2022లో మన ట్రయాంగిల్ (రాలీ, డర్హమ్, చాపెల్ హిల్) ప్రాంతంలో డ్యూ డిలిజెన్స్ ఫీజులు పదివేల డాలర్లు దాటిపోయిన రోజులు మీలో చాలామందికి గుర్తే. మార్కెట్ చల్లబడితే ఈ ఫీజు కూడా తగ్గుతుంది, కానీ సున్నా అవ్వడం అరుదు.

రాష్ట్రం సాయం క్లోజింగ్ రోజున మాత్రమే వస్తుంది. ఈ చెక్కులు అంతకు నెలా నెలన్నర ముందే మీ సొంత ఖాతాలోంచి రాయాలి. అప్రూవల్ లెటర్ చేతిలో ఉండి, నచ్చిన ఇల్లు దొరికి, ఈ చెక్కుకి డబ్బుల్లేక ఆగిపోయిన కుటుంబాలు నాకు తెలుసు. క్లోజింగ్‌లో ఈ రెండు మొత్తాలూ మీ ఖర్చులో జమ వేస్తారు, నిజమే. కానీ ముందు మీ దగ్గర ఉండాలి కదా. ఇన్‌స్పెక్షన్‌కి, అప్రైజల్‌కి కూడా ముందే కట్టాలి. అందుకే నేను చెప్పే మాట: సాయం వస్తుందని తెలిసినా, చేతిలో కొన్ని వేల డాలర్లు లేకుండా ఇళ్ళు చూడ్డానికి బయల్దేరకండి. డ్యూ డిలిజెన్స్ ఫీజు ఎంత రాయాలో ఏజెంటు తొందరపెడితే, ఇది పోయినా తట్టుకోగలనా అని మిమ్మల్ని మీరు అడగండి. తట్టుకోలేనంటే ఆ ఇల్లు వదిలేయండి. ఇంకో ఇల్లు వస్తుంది.

ఆ కొన్ని వేలు ఎక్కడినుంచి వస్తాయన్నది తర్వాతి ప్రశ్న. మనవాళ్ళు ఫ్రెండ్స్ దగ్గర చేబదులు తీసుకుంటారు. ఒకళ్ళు రెండు వేలు, ఇంకొకళ్ళు మూడు వేలు డబ్బు పంపే యాప్ జెల్‌లో పంపుతారు. మన మధ్య అది మామూలే. లోన్ ఫైల్‌లో అది పెద్ద తలనొప్పి. లెండర్ రెండు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు అడుగుతారు. అందులో పెద్ద డిపాజిట్ కనిపిస్తే ఎక్కడిదో కాగితంతో చూపించాలి. చేబదులంటే అప్పు, అప్పుని గిఫ్ట్ అని రాయించి సంతకం పెట్టించడం తప్పు. అది చేయకండి. నాన్నగారు ఊళ్ళో స్థలం అమ్మి పంపితే, లేదా చిట్టీ పాడి పంపితే, తిరిగి ఇవ్వక్కర్లేదని ఆయన రాసిన గిఫ్ట్ లెటర్, ఆయన ఖాతాలోంచి మీ ఖాతాకి వచ్చినట్టు బ్యాంకు రికార్డు ఉంటే సాధారణంగా ఒప్పుకుంటారు. ఆ డబ్బు కాస్త ముందుగానే, రెండు మూడు నెలల ముందే, తెప్పించుకుని ఖాతాలో కదల్చకుండా ఉంచితే మీకే టెన్షన్ తగ్గుతుంది.

ఇక కారు. నవ్వకండి, ఎన్నో ఫైళ్ళు కారు దగ్గరే ఆగిపోయాయి. మన పథకంలో మీ నెల అప్పులన్నీ కలిపి, ట్యాక్సులు కోయకముందు ఉన్న నెల జీతంలో 43 శాతం దాటకూడదు. ఏడాదికి 78,000 సంపాదించే కుటుంబం తీసుకోండి. నెలకి 6,500. అందులో 43 శాతం 2,795. ఇందాక చెప్పిన టౌన్‌హౌస్‌కి కిస్తీ 1,936, దానిమీద ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పీఎంఐ అనే లోన్ ఇన్సూరెన్స్, హెచ్ఓఏ అనే కాలనీ సంఘం ఫీజు కలిపి ఇంకో 615 అనుకుంటే 2,551. మిగిలింది 244 డాలర్లు. నెలకి 450 కారు కిస్తీ ఉంటే అక్కడితో ఆగిపోతుంది. గ్రీన్ కార్డు రాగానే కొత్త కారు కొనేసి, ఆర్నెల్ల తర్వాత ఇంటి కోసం నా దగ్గరికి వస్తారు. ముందు ఇల్లు, తర్వాత కారు. అప్రూవల్ వచ్చాక, క్లోజింగ్ అయ్యేదాకా కొత్త ఫర్నిచర్ కూడా క్రెడిట్ మీద కొనకండి. చివరి వారంలో మళ్ళీ క్రెడిట్ చూస్తారు.

లెండర్ దగ్గరికి వెళ్ళగానే అడగాల్సిన మొదటి మాట, "మీరు ఏజెన్సీ లిస్టులో ఉన్నారా, ఈమధ్య ఈ లోన్లు చేశారా" అని. ఈ లోన్‌కి పని ఎక్కువ. దాంతో కొందరు ఆఫీసర్లు దీని ఊసే ఎత్తరు, నేరుగా వేరే లోన్‌లోకి నెడతారు. రెండు మూడు చోట్ల లోన్ ఎస్టిమేట్ తీసుకుని, సాయంతో ఎంత, సాయం లేకుండా ఎంత, పక్కపక్కన పెట్టి చూడండి. "డౌన్ పేమెంట్ సాయం అంటే సెల్లర్ ఒప్పుకోడు" అనే రియల్టర్లు కూడా తగుల్తారు. అలవాటున్న లెండర్ అయితే ఇది మిగతా లోన్లలాగే టైముకి క్లోజ్ అవుతుంది. ఆ మాటకి భయపడి అర్హత వదులుకోకండి, ఇంకో రియల్టర్‌ని వెతుక్కోండి. సాయం మంజూరు చేయిస్తామని ముందే ఫీజు అడిగేవాళ్ళు కనిపిస్తే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

పీఎంఐ గురించి ఒక్కమాట. 20 శాతం కన్నా తక్కువ డౌన్ పేమెంట్‌తో కన్వెన్షనల్ లోన్ తీసుకుంటే పీఎంఐ పడుతుంది. బాకీ, ఇంటి అసలు విలువలో 80 శాతానికి దిగాక మీరు అడిగి తీయించుకోవచ్చు, 78కి దిగాక కిస్తీలు సరిగ్గా కడుతుంటే చట్టం ప్రకారం వాళ్ళే తీసేయాలి. ఎఫ్‌హెచ్‌ఏ లోన్‌లో (అది ఫెడరల్ ప్రభుత్వం ఇన్సూర్ చేసేది) 10 శాతం కన్నా తక్కువ డౌన్ పేమెంట్ కడితే ఆ ఇన్సూరెన్స్ లోన్ ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. స్కోరు బాగుంటే కన్వెన్షనల్ వైపే ముందు చూడమని నా సలహా.

ఇక హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు. ఈ విషయంలో పాత సమాచారం చాలా తిరుగుతోంది, జాగ్రత్తగా వినండి. హడ్ 2025 మార్చిలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, 2025 మే 25 నుంచి ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి తప్ప దాదాపుగా వేరేవాళ్ళకి లేవు. అంటే హెచ్1బీ, ఎల్1 వాళ్ళకి ఆ దారి మూసుకుపోయింది. కన్వెన్షనల్ లోన్ వేరు. బ్యాంకుల నుంచి ఇళ్ళ లోన్లు కొనే సంస్థలైన ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ నియమాల్లో చట్టబద్ధంగా ఇక్కడ ఉంటున్నవాళ్ళు అర్హులే. మీకు ఎవరైనా ఎఫ్‌హెచ్‌ఏతో రాష్ట్ర సాయం ఇప్పిస్తామంటే, మీ వీసా సంగతి మొదటి ఫోన్‌లోనే చెప్పండి. కొన్ని సిటీ, కౌంటీ పథకాలు ఫెడరల్ నిధులతో నడుస్తాయి, వాటిలో ఇమిగ్రేషన్ నియమాలు ఇంకా గట్టిగా ఉంటాయి. డ్యూ డిలిజెన్స్ చెక్కు రాశాక కాదు, రాయకముందే ఇవన్నీ తేల్చుకోవాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(సభలోంచి ఒకరు: మేడమ్, ఇండియాలో మా పేరు మీద ఇల్లుంది. మాకు అర్హత పోతుందా?)

మంచి ప్రశ్న అడిగారండీ. మూడేళ్ళ నియమం మీరు నివాసముండే ఇంటి గురించి. మీ అమ్మానాన్నలు ఉంటున్న ఇల్లు మీ పేరు మీద ఉండి, గత మూడేళ్ళలో అది మీ నివాసం కాకపోతే, ఆ నియమం కింద సాధారణంగా అడ్డురాదు. కానీ కొన్ని పథకాలు వేరే ఆస్తి ఉండకూడదని అదనంగా షరతు పెడతాయి. అప్లికేషన్‌లో ఆస్తి గురించి అడిగిన చోట దాచకుండా రాయండి. ఆ ఇంటి మీద లోన్ ఉంటే ఆ కిస్తీ కూడా మీ అప్పుల లెక్కలోకి వస్తుంది.

(ఒక మహిళ: ఈ సాయం తీసుకుంటే మా అమ్మగారి గ్రీన్ కార్డుకో, మా వాళ్ళదానికో అడ్డమొస్తుందేమోనని మావారికి భయం అండీ.)

ఆ భయం చాలామందికి ఉందమ్మా. మీరు పబ్లిక్ ఛార్జ్, అంటే ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్ళని ముద్ర పడటం, గురించి అడుగుతున్నారు. 2022లో వచ్చిన నియమం ప్రకారం చూసేది, జీవనం గడవడానికి నెలనెలా తీసుకునే నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం సంస్థల్లో ఉండటం. ఇంటి సాయం ఆ లెక్కలోకి రాదు. పైగా ఇక్కడ మీరు తీసుకునేది లోన్. కానీ ఆ నియమాన్ని ఎత్తేస్తామని హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ 2025 నవంబరులో ప్రతిపాదించింది. మీ ఇంట్లో ఎవరి ఫైలైనా నడుస్తుంటే, అప్లై చేసేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. పక్కింటివాళ్ళు చెప్పారని మానేయకండి, పక్కింటివాళ్ళు చెప్పారని తీసుకోనూ వద్దు.

(వెనక వరుసలోంచి: ఇల్లు కొనేవాళ్ళకి పెట్టే క్లాసు తప్పనిసరా? మా ఇద్దరికీ వారంలో ఒకేసారి సెలవు దొరకదు.)

మొదటిసారి కొనేవాళ్ళకి ఈ పథకాల్లో హోమ్‌బయర్ ఎడ్యుకేషన్ మామూలుగా అడుగుతారు. ఆన్‌లైన్‌లో కొంచెం కొంచెంగా, రాత్రిళ్ళు కూర్చుని పూర్తి చేసుకోవచ్చు. ఇంగ్లీషు కష్టమైతే మా దగ్గరికి వస్తే తెలుగులో కూర్చుని చెప్తాను. వేరే రాష్ట్రాల్లో మీవాళ్ళుంటే, హడ్ నంబర్ 800-569-4287కి ఫోన్ చేస్తే దగ్గర్లో ఉన్న కౌన్సెలింగ్ సంస్థల వివరాలు చెప్తారు. ఇళ్ళు చూడ్డం మొదలుపెట్టాక కాదు, కనీసం ఆరు నెలల ముందు రండి. స్కోరు 610 ఉంటే 640కి తేవడానికి ఆ టైము పడుతుంది.

(మరొకరు: మేము ఎన్నేళ్ళుంటామో ఇప్పుడే ఎలా చెప్పగలం అక్కా? ఉద్యోగాలు మన చేతిలో లేవు కదా.)

నిజమే తమ్ముడూ, కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. అందుకే ఇలా చూడు. ఐదేళ్ళకే అమ్మాల్సి వచ్చిందనుకో. 15,000 వెనక్కి ఇచ్చేసి, ఏజెంట్ల కమీషన్ కట్టేసి, ఇంకా నష్టపోకుండా బయటపడగలవా? ఆ లెక్క కాగితం మీద వేసి చూడు. బయటపడగలవంటే తీసుకో, నిశ్చింతగా తీసుకో. బయటపడలేవంటే ఇంకో ఏడాది అద్దెకుండి, కారు లోన్ ఉంటే తీర్చి, కొంచెం చిన్న ఇల్లు చూడు. మీ జీతం స్లిప్పులు, రెండు నెలల స్టేట్‌మెంట్లు తెచ్చుకుని వస్తే ఆ లెక్క మనిద్దరం కలిసే వేద్దాం. అపాయింట్‌మెంట్ కాగితం గుమ్మం పక్కన టేబుల్ మీద పెట్టాను, పేరూ, కుదిరే టైమూ రాసి వెళ్ళండి.